గాలివాన వెలిసినా వెలగని దీపం

కర్నూలు, కడప జిల్లాల పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది కరువు. తుపాను అనేది కోస్తా జిల్లాల మాట అని ప్రభుత్వ కార్యాలయాల్లోనూ, పట్టణాల్లో కూర్చుని పత్రికలు చదివేవారిలోనూ ఒక అభిప్రాయం పాతుకుపోయింది. 1977 దివిసీమ ఉప్పెన, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ అన్నీ సముద్రం ఒడ్డున విరుచుకుపడినవే. సీమకు సముద్రం లేదు గనక ఆ బాధలూ లేవనుకుంటారు. కాని ఈ రెండు జిల్లాల్లో బోరు కింద సేద్యం చేసే రైతును, ఆ రైతు చేలో కూలికి పోయే మనిషిని అడిగి చూడండి. వాన రాకపోతే ఒక బాధ, వస్తే ఇంకో బాధ అంటారు. వానకంటే ముందు గాలొస్తాది, గాలికంటే ముందు కరెంటు పోతాది అని నవ్వుతూనే చెబుతారు. ఆ నవ్వు వెనక ఎన్ని ఎండిన మళ్లు, ఎన్ని పస్తులు, ఎన్ని చావులు ఉన్నాయో లెక్క తీసినవాళ్లు తక్కువ.

2022లో కర్నూలు నుంచి నంద్యాల విడిపోయింది, కడప జిల్లా సరిహద్దులూ మారాయి. ఇక్కడ మేము మాట్లాడేది మాత్రం పాత ఉమ్మడి జిల్లాల లెక్కన. జిల్లాలు విడిపోయినా స్తంభాలు అవే, తీగలు అవే, కష్టాలు అవే.

పేరున్న తుపాను, పేరులేని గాలివాన

ఈ ప్రాంతానికి గాలివానలు రెండు కాలాల్లో వస్తాయి. మొదటిది ఎండాకాలం. చైత్ర, వైశాఖాల్లో పగలంతా నిప్పులు చెరిగి, సాయంత్రానికి మబ్బు లేస్తుంది. గంటసేపు సుడిగాలి, ఉరుములు, పిడుగులు, ఒక్కోసారి వడగండ్లు. పులివెందుల, లింగాల, వేంపల్లె వైపు గెలలు వేసిన అరటి తోటలు నేలకు ఒరిగిపోతాయి. మామిడి రాలిపోతుంది. తోటలతో పాటే కరెంటు స్తంభాలూ పడిపోతాయి. రెండోది ఆశ్వయుజం, కార్తీకం. బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే రాజంపేట, కోడూరు, రాయచోటి ప్రాంతాల మీద కుండపోత కురుస్తుంది. వాగులు, వంకలు, పెన్న, చెయ్యేరు, పాపాఘ్ని పొంగుతాయి.

కోస్తాలో పెద్ద తుపాను వచ్చినప్పుడు ఒక ఏర్పాటు కదులుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళాన్ని కొట్టినప్పుడు ఇతర జిల్లాల నుంచి విద్యుత్ సిబ్బందిని, స్తంభాలను, ట్రాన్స్‌ఫార్మర్లను తరలించారు. అది అవసరం, మంచి పని. అక్కడ పనిచేసిన కార్మికుల శ్రమకు ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. మరి మన దగ్గర మే నెలలో ఒక సాయంత్రం గాలివాన రెండు మండలాల్లో స్తంభాలు విరగ్గొడితే ఏమవుతుంది? ఆ గాలివానకు పేరు ఉండదు. పేరు లేని గాలివానకు మంత్రుల పర్యటన ఉండదు, ప్రత్యేక బృందాలు ఉండవు, మరుసటి రోజు పత్రికలో జిల్లా పేజీలో నాలుగు లైన్లు ఉంటాయి. ఆ నాలుగు లైన్ల వెనక పల్లెలు చీకట్లో ఉంటాయి.

స్తంభం పడితే కూలి పడిపోతుంది

కరెంటు పోతే నష్టపోయేది బోరున్న రైతే గదా, కూలికేమిటి అని కొందరు అంటారు. ఇది తప్పుడు లెక్క. ఈ జిల్లాల్లో కె.సి. కాలువ, తెలుగుగంగ, తుంగభద్ర దిగువ కాలువ కింది ఊళ్లను మినహాయిస్తే, ఎండాకాలంలో పచ్చగా కనిపించే ప్రతి చెక్కా బోరుమోటారు మీద నిలబడ్డదే. మోటారు తిరిగితేనే నారుమడి, మోటారు తిరిగితేనే నాట్లు, కలుపు, ఉల్లిగడ్డ పీకుడు, టమోటా కోత. మోటారు ఆగిన రోజు రైతు కూలీలను రావద్దంటాడు. రైతుకు పోయేది రేపటి పంట. కూలికి పోయేది ఈ రాత్రి అన్నం. రైతు నష్టాన్ని రాసుకోవడానికి కనీసం ఒక దరఖాస్తు ఉంటుంది. పంట నష్టం అంచనాకు అధికారి వచ్చినప్పుడు భూమి ఉన్నవాడి పేరు రాస్తాడు. నాలుగు రోజుల కూలి పోయిన మనిషి పేరు రాసుకునే కాగితం ఇంతవరకు ఏ కార్యాలయంలోనూ అచ్చు కాలేదు. కౌలు రైతుకు ఆ కాగితం ఉన్నా, చేతికి రావడం అంతంతమాత్రమే.

అంతేకాదు. పల్లెలో తాగునీరు కూడా కరెంటు మీదే నడుస్తుంది. పంచాయతీ బోరు తిరిగితేనే ఓవర్‌హెడ్ ట్యాంకు నిండుతుంది. కరెంటు రెండు రోజులు లేకపోతే ఆడవాళ్లు బిందెలు పట్టుకుని చేలల్లో చేతిపంపు ఎక్కడ బతికి ఉందో వెతుక్కుంటూ పోవాలి. పిండిమర ఆగుతుంది. సెల్‌ఫోను చచ్చిపోతుంది. చీకట్లో పాము, తేలు భయం. కొట్టంలో పసిబిడ్డకు దోమలు. మిద్దె ఇళ్లలో ఇన్వర్టర్లు ఉంటాయి. కాలనీ ఇళ్లలో కొవ్వొత్తి కూడా లెక్కపెట్టి వెలిగించుకోవాలి.

ఎందుకు పడిపోతాయి?

గాలి వచ్చింది, స్తంభం పడింది, ఎవరేం చేస్తారు అనే మాట చాలా కాలంగా వింటున్నాం. గాలి వచ్చిన ప్రతిచోటా అన్ని స్తంభాలూ పడవు. పడ్డవి ఎందుకు పడ్డాయో చూద్దాం.

ఒక సిమెంటు స్తంభాన్ని దాని పొడవులో దాదాపు ఆరో వంతు నేలలో పాతాలి. 8 మీటర్ల స్తంభమైతే నాలుగున్నర, ఐదు అడుగుల గుంత ఉండాలి. గుంతలో రాయి, కంకర గట్టిగా దట్టించాలి. నేల మెత్తగా ఉన్నచోట అడుగున కాంక్రీటు పోయాలి. నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి భూములు. ఎండకు ఆ నేల జానెడు వెడల్పున పగులుతుంది, వానకు ఉబ్బుతుంది. ఆ పగులూ ఉబ్బూ ఏడాదికేడాది స్తంభాన్ని కదిలిస్తాయి. డోన్, పత్తికొండ, రాయచోటి వైపు బండనేల. గుంత తవ్వేవాడికి స్తంభానికింత అని లెక్క కట్టి ఇస్తే, బండ తగిలినచోట గుంత మూడు అడుగులకే ఆగిపోతుంది. లైను మలుపు తిరిగేచోట స్తంభాన్ని వెనక్కు పట్టి ఉంచే స్టే వైరు ఉండాలి. చాలా చోట్ల అది తుప్పుపట్టి తెగిపోయి ఉంటుంది, లేదా దున్నేటప్పుడు అడ్డమని ఎవరో తీసేసి ఉంటారు. ఇక స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం ఎక్కువై తీగలు జారిపోతే, గాలికి ఒకదానికొకటి తగిలి నిప్పులు రాలుస్తాయి. ఆ నిప్పురవ్వకు శనగకట్టె వామి, చెరుకు తోట బుగ్గి అవుతాయి.

ఒరిగిన స్తంభం గాలికి పడుతుంది. కాని అది ఒరిగింది గాలికి కాదు. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల.

ట్రాన్స్‌ఫార్మర్ల కథ కూడా ఇంతే. వాటికి పిడుగు నుంచి రక్షణగా అరెస్టర్లు ఉండాలి, భూమిలోకి మంచి ఎర్తింగ్ ఉండాలి. మన ఎండిన గరుసు నేలలో ఎర్తు గుంత ఎండిపోతే అది ఉన్నా లేనట్టే. నీళ్లు పోసి, బొగ్గు, ఉప్పు వేసి తడిగా ఉంచే పని ఎవరిదో తెలియదు. మరో సంగతి మన వైపు నుంచి కూడా ఆలోచించాలి. కరెంటు తిరిగి రాగానే ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. మోయలేని బరువు మీద పడి, గాలివానకు తట్టుకున్న ట్రాన్స్‌ఫార్మరు కూడా ఆ క్షణంలో కాలిపోతుంది. చీకటి రాత్రుల్లో రాగి తీగ కోసం ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టే దొంగలు వేరే. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

కరెంటు నడిచే దారి

కరెంటు తిరిగి ఎలా వస్తుందో తెలుసుకుంటే, ఎవరికి చివర వస్తుందో కూడా తెలుస్తుంది. పెద్ద టవర్ల మీద నుంచి వచ్చే కరెంటు 33 వేల వోల్టుల లైనులో మండలంలోని సబ్‌స్టేషనుకు చేరుతుంది. అక్కడ 11 వేల వోల్టులకు తగ్గి ఫీడర్ల మీద పల్లెలకు పోతుంది. ఊళ్లో ట్రాన్స్‌ఫార్మరు దాన్ని ఇంటికి, మోటారుకు పనికొచ్చే వోల్టేజికి దించుతుంది. గాలివాన తర్వాత బాగుచేయడం కూడా ఈ వరుసలోనే సాగాలి. పై లైను బాగుపడకుండా కింది లైను బాగుచేసినా ప్రయోజనం లేదు. ఇందులో తప్పుపట్టాల్సింది లేదు.

తప్పు ఆ తర్వాత మొదలవుతుంది. సబ్‌స్టేషను దాకా కరెంటు వచ్చాక ముందు పట్టణం, ఆసుపత్రి, పెద్ద ఊళ్లు. తర్వాత చిన్న ఊళ్లు. ఊరిలో ముందు నడివీధి. ఊరి బయట కాలనీ ట్రాన్స్‌ఫార్మరు చివర. అన్నిటికంటే ఆఖరున వ్యవసాయ ఫీడర్లు. "అన్నా, మా కాలనీకి ఎప్పుడిస్తావన్నా?" అని అడిగితే "ముందు ఊరు కానీ పెద్దమ్మా, ఆ తర్వాత మీదే" అనే జవాబు వినని కాలనీ ఈ సీమలో అరుదు. లైన్‌మన్ చెడ్డవాడు గనక ఈ మాట అనడు. ఫోను చేసి ఒత్తిడి పెట్టగలిగినవాడి ఇల్లు ఎక్కడుందో ఆ వీధి దీపం ముందు వెలుగుతుంది. కాలనీవాళ్లకు ఆ ఫోను నంబరు లేదు.

కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరు మార్చడంలో ఇంకో తంతు. దించడం, మోయడం, ఎక్కించడం విద్యుత్ సంస్థ చేయాల్సిన పని. ఆచరణలో రైతులే తలా ఇంత చందా వేసుకుని ట్రాక్టరు మాట్లాడుకుంటారు. స్తంభం లేపడానికి మోకులు లాగేదీ ఆ ఊరి కూలీలే. పంట ఎండిపోతుందన్న ఆత్రం ముందు హక్కు గుర్తురాదు. అలా అందరూ అలవాటు పడ్డారు. అలవాటు పడ్డది కొన్నాళ్లకు నియమం అయి కూర్చుంటుంది.

2009, 2021 చెప్పిన పాఠాలు

పేరున్న విపత్తులు మనకూ వచ్చాయి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు నగరాన్ని ముంచాయి. మంత్రాలయం మునిగింది. శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులదాకా వరద వచ్చి, పూర్తి మట్టం 885 అడుగులు దాటి 896 అడుగులదాకా నీళ్లు నిలిచాయి. కుడిగట్టు విద్యుత్ కేంద్రంలోకి నీళ్లు చొరబడి ఉత్పత్తి నిలిచిపోయింది. కరెంటు పుట్టే చోటే నీట మునిగితే, కరెంటు వాడే పల్లె గతి వేరే చెప్పాలా?

2021 నవంబరు 19 తెల్లవారుజామున కడప జిల్లా రాజంపేట మండలంలో చెయ్యేటి మీద కట్టిన అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. దానికి ముందు ఎగువన పింఛా కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు వంటి పల్లెల మీద వరద విరుచుకుపడింది. ముప్పై మందికి పైగా ప్రాణాలు పోయాయి. గొడ్లు కొట్టుకుపోయాయి. పొలాల్లో ఇసుక మేట వేసింది. నందలూరు వద్ద రైలుపట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. కమలాపురం వద్ద పాపాఘ్ని వంతెన కూలింది. స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు ఏటి పాలయ్యాయి. అలాంటి చోట ఒరిగిన స్తంభాన్ని నిలబెట్టడం కుదరదు. దారి వేస్తేనే స్తంభం వస్తుంది, స్తంభం వస్తేనే దీపం వస్తుంది. దీపం వచ్చాక కూడా, ఇసుక కింద పూడిపోయిన బోరుకు కరెంటు ఇచ్చి ఏం లాభం? విద్యుత్తు, దారి, నీరు, పొలం ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని ఆ పల్లెలు మనకు నేర్పాయి. ఒక్కో శాఖ తన పద్దు మాత్రమే రాసుకుంటే ఊరు లేవదు.

దీపం కింద చీకటి

ఈ రెండు జిల్లాలు కరెంటు లేని జిల్లాలు కావు. శ్రీశైలంలో 1982 నుంచి విద్యుత్తు పుడుతున్నది. ఆ జలాశయం కింద ఊళ్లు, పొలాలు పోగొట్టుకున్నవాటిలో ఈ సీమ పల్లెలూ ఉన్నాయి. ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం మొదటి యూనిట్లు 1990ల్లో మొదలయ్యాయి. 2018 నాటికి దాని సామర్థ్యం 1,650 మెగావాట్లకు చేరింది. కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల భూముల్లో 2017లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. సుమారు 6 వేల ఎకరాల మీద అద్దాల పలకలు పరిచారు. ఆ భూముల్లో కొన్నిట గొర్రెలు మేసేవి, కొన్నిట మెట్టపంటలు పండేవి, కూలీలకు పని దొరికేది.

నీళ్లు మనవి, ఎండ మనది, నేల మనది. ఇక్కడ పుట్టిన కరెంటు ఎత్తయిన టవర్ల మీద ఊళ్ల నెత్తిమీదుగా సాగిపోతుంది. గాలివాన వచ్చినా ఆ టవర్లు సాధారణంగా నిలబడతాయి, ఎందుకంటే వాటి పునాదుల మీద డబ్బు పెట్టారు. వాటి కిందనున్న పల్లె స్తంభం పడిపోతుంది, ఎందుకంటే దాని పునాది మీద డబ్బు మిగుల్చుకున్నారు.

స్తంభం ఎక్కే మనిషి

కరెంటు రాకపోతే మనకు కనిపించేది లైన్‌మన్ ఒక్కడే. కోపం అతని మీదే చూపిస్తాం. అతని పరిస్థితి కూడా చూడాలి. ఒక్కొక్కరి కింద నాలుగైదు పల్లెలు. చుట్టూ చీకటి, చేతిలో టార్చి, కాళ్ల కింద బురద, పైన తడిసిన స్తంభం. లైను మీద పని చేసేముందు సబ్‌స్టేషను నుంచి లైన్ క్లియర్ తీసుకోవాలి, ఎర్తు రాడ్డు వేయాలి, చేతికి గ్లౌజులు, నడుముకు బెల్టు, తలకు హెల్మెట్ ఉండాలి. పది ఊళ్ల నుంచి ఫోన్లు మోగుతుంటే ఈ జాగ్రత్తల్లో ఒకటి జారిపోతుంది. ఎక్కడో ఒకడు జనరేటరు పెట్టుకుని మెయిన్ తీయకపోతే, ఆపేశామనుకున్న తీగలోకి వెనక నుంచి కరెంటు వస్తుంది. ఒక తప్పు చాలు, స్తంభం మీదే ప్రాణం పోతుంది.

సబ్‌స్టేషనులో రాత్రంతా మేల్కొని ఉండే ఆపరేటర్లు, స్తంభాలు మోసేవాళ్లు చాలామంది కాంట్రాక్టు కార్మికులు. 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు ఎనర్జీ అసిస్టెంట్ల పేరుతో జూనియర్ లైన్‌మన్ రెండో శ్రేణి ఉద్యోగాల్లో యువకులను తీసుకున్నారు. వాళ్లూ మన కూలీ ఇళ్ల, చిన్న రైతు ఇళ్ల పిల్లలే. పెద్ద కేంద్రాల్లోనూ భద్రత ఏపాటిదో 2020 ఆగస్టు 20 రాత్రి చూశాం. తెలంగాణ జెన్‌కో నడిపే శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచి 9 మంది ప్రాణాలు కోల్పోయారు. చేలో కూలికి, స్తంభం మీది కార్మికుడికి తగవు పెట్టి తమాషా చూసేవాళ్లున్నారు. ఆ వలలో మనం పడకూడదు. లైన్‌మన్ల సంఖ్య పెంచమని అడగవలసింది లైన్‌మన్ల సంఘం ఒక్కటే కాదు, ఊరంతా అడగాలి.

తెగిపడిన తీగ

గాలివాన తర్వాత తెగిపడిన తీగ ప్రాణాలు తీస్తుంది. తీగ నేల మీద పడితే ఫ్యూజు పోతుంది గదా, ఇక భయం లేదనుకుంటారు. మన నేలలో ఇది ప్రమాదకరమైన నమ్మకం. ఎండిన గరుసు, బండనేల కరెంటును సులభంగా లోపలికి తీసుకోదు. అందుకని ఫ్యూజు ఎగిరిపోయేంత కరెంటు పారదు. తీగ చప్పుడు లేకుండా, మెరుపు లేకుండా బతికే ఉంటుంది. పైగా ఫ్యూజు మాటిమాటికీ పోతున్నదని లావు తీగ కట్టి ఉంటే అది అసలే పోదు. వాన పడి నేల పైపైన తడిసిందంటే తీగ చుట్టూ నేలంతా కరెంటు పాకుతుంది. గొడ్డు ముందుకాళ్లకు, వెనకకాళ్లకు మధ్య దూరం ఎక్కువ గనక ముందు అది పడిపోతుంది. గొడ్డును లేపబోయిన మనిషి తర్వాత పడతాడు. అరకెద్దుతో పాటు సేద్యగాడు పోయిన ఊళ్లు ఉన్నాయి.

కాబట్టి ఈ మాట ఊరూరా చెప్పండి. తీగ పడితే 30 అడుగుల దూరంలో ఆగిపోవాలి. కట్టెతో తీద్దామని కూడా పోరాదు, తడి కట్టె కరెంటు మోస్తుంది. దగ్గరలో ఉన్నట్టు తెలిస్తే పెద్ద అంగలు వేయకుండా కాళ్లు దగ్గరగా పెట్టి నేలను రాస్తూ వెనక్కు రావాలి. సబ్‌స్టేషనుకు గాని, 1912 నంబరుకు గాని ఫోను చేసి, ఒక మనిషిని కాపలా పెట్టాలి. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర స్విచ్చి దించి సొంతంగా ఫ్యూజు కట్టే పని ఎంత తెలిసినవాడైనా చేయకూడదు.

ఇక బాధ్యత సంగతి. తీగ గాలికి తెగింది, మా తప్పేమీ లేదు అనే వాదన కోర్టులో నిలవలేదు. 1997లో మధ్యప్రదేశ్‌లో వాన కురిసిన రాత్రి పని ముగించుకుని సైకిలు మీద ఇంటికి పోతున్న ఒక కార్మికుడు, నీళ్లు నిలిచిన రోడ్డులో పడివున్న తీగ తగిలి చనిపోయాడు. ఎవరో దొంగతనంగా తీగ తగిలించుకున్నారని ఆ రాష్ట్ర విద్యుత్ బోర్డు వాదించింది. 2002 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టివేసింది. ఇంత ప్రమాదకరమైన వస్తువును జనం మధ్య నడిపేవాడు, తన నిర్లక్ష్యం రుజువు కాకపోయినా, నష్టానికి బాధ్యుడే అని తీర్పు చెప్పింది. ఆ కార్మికుడి భార్య పోరాడి సాధించిన ఈ తీర్పు ఈ దేశంలో ప్రతి కూలీ కుటుంబానికి ఆయుధం. ప్రమాదం జరిగితే విద్యుత్ తనిఖీ అధికారి విచారణకు 2003 విద్యుత్ చట్టంలో 161వ సెక్షను ఉంది. పోలీసు కేసు, పోస్టుమార్టం కాగితం, విచారణ నివేదిక ఈ మూడూ పోగుచేసుకోకుండా, ఊరి పెద్దల సమక్షంలో పదో పరకో తీసుకుని నోరు మూసుకోవడం ఇకనైనా ఆగాలి.

గాలి వీస్తే ఎగిరిపోయే హక్కు

ఇంతేకాదు, ఎంత వ్యవధిలో బాగుచేయాలో కూడా చట్టంలో ఉంది. అదే చట్టం 57వ సెక్షను కింద సేవా ప్రమాణాలు ఉండాలి, అవి తప్పితే వినియోగదారుకు పరిహారం ఇవ్వాలి. మన రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2004లో వీటిని ప్రకటించింది. పల్లెలో ఫ్యూజు పోతే 12 పని గంటల్లో, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే 48 గంటల్లో సరిచేయాలి. పట్టణాలకు 4 పని గంటలు, 24 గంటలు. పల్లె మనిషికి సహనం ఎక్కువని చట్టమే ఒప్పుకున్నదన్నమాట!

సరే, 48 గంటలే అనుకుందాం. అయితే అదే నిబంధనల్లో మరొకటి ఉంది. వరద, తుపాను, పిడుగు వంటి చేతిలో లేని పరిస్థితులు వచ్చినప్పుడు ఈ ప్రమాణాలు పక్కకు పోతాయి. సముద్రపు తుపాను వచ్చి వందల ఊళ్లు కూలినప్పుడు ఈ మినహాయింపులో న్యాయం ఉంది. కాని మే నెల గాలికి, మూడు అడుగుల గుంతలో పాతిన స్తంభం, స్టే వైరు లేని స్తంభం పడిపోతే దాన్ని కూడా ప్రకృతి ఖాతాలో రాయడం ఏం న్యాయం? సరిగ్గా హక్కు అవసరమైన రోజే హక్కు ఎగిరిపోతున్నది.

ఎవరి చేతిలో ఉండాలి?

ఈ వ్యవస్థ ఎలా మారిందో కూడా గుర్తుచేసుకోవాలి. 1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ బోర్డు ప్రపంచబ్యాంకు చెప్పిన సంస్కరణల పేరుతో 1999లో ముక్కలైంది. 2000లో పంపిణీ సంస్థలు పుట్టాయి. కడప తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ పంపిణీ సంస్థ కిందికి, కర్నూలు హైదరాబాదు కేంద్రంగా ఉన్న సంస్థ కిందికి పోయాయి. 2014లో రాష్ట్రం విడిపోయాక కర్నూలు కూడా తిరుపతికి మారింది. సంస్కరణలతో పాటు వచ్చిన చార్జీల పెంపుకు వ్యతిరేకంగా వామపక్షాల పిలుపుపై జనం కదిలారు. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు అమరులయ్యారు. ఆ నెత్తుటి మీదుగానే 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. 2020-21లో ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదిపాటు కూర్చున్న రైతులు కూడా విద్యుత్ సవరణ బిల్లు వద్దని అడిగారు. కరెంటు ధర మీద మనం పోరాడాం, కొంత గెలిచాం. కరెంటు నాణ్యత మీద, గాలివాన తర్వాత అది తిరిగొచ్చే గడువు మీద పోరాటం ఇంకా మిగిలే ఉంది.

జనం చేతిలో కరెంటు ఉండడం కొత్త ఆలోచన కాదు. 1930ల్లో అమెరికాలో కంపెనీలు లాభం లేదని పల్లెలకు తీగ లాగలేదు. పదింట తొమ్మిది వ్యవసాయ కుటుంబాలు చీకట్లో ఉండేవి. 1936 చట్టంతో ప్రభుత్వం అప్పులిచ్చింది, రైతులు సహకార సంఘాలు పెట్టుకుని సొంతంగా స్తంభాలు పాతుకున్నారు. ఈనాటికీ అక్కడ తుపాను వస్తే ఒక సంఘం పనివాళ్లు మరో సంఘానికి సాయం పోతారు. మన దేశంలో 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాక సిరిసిల్లలో సహకార విద్యుత్ సంఘం వచ్చింది. మన కడప జిల్లా రాయచోటిలోనూ అలాంటి సంఘం నడిచింది, తర్వాత పంపిణీ సంస్థలో కలిసిపోయింది. సంఘాల్లో ధనిక రైతుల పెత్తనం, అప్పులు, రాజకీయాలు ఉండేవన్నది నిజమే. ఆ రోజుల్ని తిరిగి తెమ్మని మేము అనడం లేదు. కాని స్తంభం బాధ్యత ఎవరిదో ఊరికి తెలిసిన ఏర్పాటు ఒకటి ఉండాలని మాత్రం అంటున్నాం.

మనం చేయవలసింది

మన డిమాండ్లు ఇవి. ఏటా ఎండాకాలం గాలులకు ముందే ప్రతి ఫీడరు తనిఖీ చేయాలి, ఒరిగిన స్తంభాల, జారిన తీగల జాబితా సచివాలయం గోడకు అంటించాలి. ప్రతి సబ్‌స్టేషనులో అదనపు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, వాటిని మోసే వాహనం సిద్ధంగా ఉంచాలి. పునరుద్ధరణ వరుసలో తాగునీటి బోర్లు, దళిత కాలనీలు ముందుండాలి. తనిఖీ జాబితాలో ఉండి బాగుచేయని స్తంభం పడితే దాన్ని ప్రకృతి విపత్తు కింద రాయకూడదు. కరెంటు లేక పని ఆగిన రోజులకు వ్యవసాయ కూలీలకు కూలి నష్టం చెల్లించాలి. కాంట్రాక్టు కార్మికులను రెగ్యులర్ చేయాలి, భద్రతా సామగ్రి ఇవ్వాలి. ప్రమాద మృతుల కుటుంబాలకు పరిహారం నెలల తరబడి తిప్పకుండా ఇవ్వాలి.

డిమాండు కాగితం మీద ఉంటే చాలదు. ఉగాదికి ముందే ప్రతి ఊళ్లో రైతుసంఘం, వ్యవసాయ కార్మిక సంఘం కార్యకర్తలు కలిసి ఒక్క పూట లైను వెంట నడవండి. ఏ చేలో ఏ స్తంభం ఒరిగిందో, ఎక్కడ స్టే వైరు లేదో, ఎక్కడ తీగ చేతికందేంత జారిందో నోటుబుక్కులో రాయండి. ఒక ప్రతి సబ్‌స్టేషనులో ఇచ్చి, మీ దగ్గరున్న ప్రతి మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి. స్పందన లేకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాయండి. దానికి వకీలు అక్కర్లేదు, తెలుగులో రాసిన అర్జీ చాలు. వైశాఖంలో గాలి వచ్చి ఆ స్తంభమే పడిందనుకోండి, ఇది గాలి చేసిన పని అని అప్పుడు ఎవరూ అనలేరు. తేదీతో సహా కాగితం మన చేతిలో ఉంటుంది.